మందు వేసిన చెరువు

పోయిన వారం మీరిద్దరూ ఫోన్‌లో నన్ను తెగ పొగిడారు. మీ గూడెం తాతయ్య దగ్గరికి నేను ప్రతి ఆదివారం వెళ్తున్నానని మీ అమ్మ చెప్పిందట. ఏలూరులో చర్చి అవగానే, అన్నం కూడా తినకుండా ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్ళి, ప్యాసింజరులో తాడేపల్లిగూడెం దిగి, ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వస్తున్నానని చెప్పిందట. "అమ్మమ్మా, నువ్వు దేవతవే" అన్నాడు బాబు. నువ్వైతే ఏడ్చేశావు అమ్మడూ. "మా నాన్న కన్నతండ్రి, మా నాన్నకే తీరికలేదు. వియ్యపురాలివి, నీకేం పట్టింది చెప్పు" అన్నావు.

నాకు పట్టింది. అదేంటో చెప్తాను, వినండి.

మీ గూడెం తాతయ్యకి మతిమరుపు వచ్చింది. పొద్దున్న తిన్న ఇడ్లీ గుర్తుండదు, పెద్ద కొడుకు పేరు గుర్తుండదు. పోనివ్వండి, నాకేం. కానీ ఆయన మర్చిపోకూడనిది ఒకటుంది. మీ ఐసు తాతయ్యకి, మా ఆయనకి, ఈయన చేసిన పని. అది ఆయన బుర్రలోంచి జారిపోకుండా పట్టుకోడానికి వెళ్తున్నాను నేను. వారం వారం వెళ్ళి, మొదటి నుంచీ చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా చెప్పి వస్తున్నాను. దేవతలు ఇలాంటి పనులు చేస్తారో లేదో నాకు తెలీదు.

మీకు తెలిసింది వేరు. అప్పుడు మీరు కాలేజీల్లో ఉన్నారు. ఐసు తాతయ్య వీధిలో జారిపడ్డారు, తుంటి విరిగింది, అప్పట్నుంచీ మనిషి తేడాగా అయిపోయారు అని చెప్పాం. జారిపడటం నిజమే. ఎందుకు జారిపడ్డారో చెప్పలేదు.

ఇంకా చెప్పకుండానే పోయేదాన్నేమో. కానీ అమ్మడూ, నువ్వు బెంగుళూరులో ఆ ల్యాబ్‌లో చేరాక ఒకరోజు నాకు నీ పని గురించి చెప్పావు. కొన్నిరకాల పుట్టగొడుగుల్లో ఒక మందు ఉంటుందని, అది తింటే లేనివి కనిపిస్తాయని, పెద్దవయసువాళ్ళ మెదడుకి అది మేలు చేస్తుందేమోనని పెద్దపెద్ద చోట్ల పరిశోధన చేస్తున్నారని, మీరు కూడా దాని గురించే చదువుతున్నారని. దిగులు తగ్గుతుందేమో చూస్తున్నారు, మతిమరుపు సంగతి ఇంకా ఏదీ తేలలేదు అన్నావు. నువ్వు "హలో, హలో" అని, సిగ్నల్ పోయిందనుకుని పెట్టేశావు. సిగ్నల్ బాగానే ఉంది.

మా కైకలూరు రోజుల నుంచి మొదలుపెడితేగానీ ఇది అర్థం కాదు. మీ తాతయ్య ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెరువుల్లో చేపలు పట్టే కాలంలో కైకలూరులో ఐసు లేకపోతే చేపకి విలువ లేదు. లారీలు బారులు తీరి ఉండేవి. ఈయన ఐసు దిమ్మ మీద అరచెయ్యి ఆనించి, "ఇది ఇంకా కాలేదు, లోపల నీరుంది, దింపద్దు" అనేవారు. ఇంటికి వస్తే చొక్కా ఎప్పుడూ చల్లగా ఉండేది. గుమ్మంలోంచే "ఒసేయ్" అని కేక. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పిలుపు. మా అత్తగారు ఉన్నప్పుడు కూడా అంతే. పాస్టరుగారు ఇంటికి వస్తే కూడా "ఒసేయ్, అయ్యగారికి మజ్జిగ తే" అనేవారు. నాకు సిగ్గేసేది. చచ్చేదాన్ని.

ఫ్యాక్టరీ ఎదురుగానే మీ గూడెం తాతయ్య మేత షాపు. రొయ్యల మేత, చేపల మేత, చెరువుల్లో వేసే మందులు. రైతులు ఆయన్ని "డాక్టరుగారూ" అని పిలిచేవారు. చదివింది ఇంటర్. కానీ చెరువు గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి, "దీనికి ఫలానాది వెయ్యండి" అనేవారు. కంపెనీవాళ్ళు కొత్త మందు ఏది తెచ్చినా ఆయన పద్ధతి ఒకటే. పక్కపక్కనే రెండు చెరువులున్న రైతుని పట్టుకునేవారు. "ఒక చెరువుకి వెయ్యండి. రెండోది అలా వదిలెయ్యండి. తేడా మీకే తెలుస్తుంది." మా కొల్లేరు పక్క ఇది అందరికీ తెలిసిన పద్ధతే. వేసిన చెరువు, వెయ్యని చెరువు. వేసినది బాగుంటే ఊరంతా కొంటారు. వేసినది పోతే ఆ రైతు ఖర్మ, మందు మారుస్తారు.

ఆ షాపుకీ ఈ ఫ్యాక్టరీకీ మధ్య టీలు తాగి తాగి, చివరికి మీ అమ్మానాన్నల పెళ్ళి కుదిరింది. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ ఒకరికొకరు బావగార్లు. నాకు ఆయన అన్నయ్యగారు. ఆడపిల్లనిచ్చిన వాళ్ళం కదా, ఆయన కూర్చోమంటే కూర్చున్నాం. ఆయన కాఫీలో పంచదార తక్కువైందంటే నేను మళ్ళీ కలిపి తెచ్చాను. కోపంతో చెప్పట్లేదు, మా పద్ధతి అది. వియ్యంకుడి మాటకి కాదని అనరు. ఆ కాదనలేకపోవడమే మమ్మల్ని ముంచింది.

రిటైరయ్యాక మేం ఏలూరు వచ్చేశాం. ఆయన షాపు అమ్మేసి గూడెంలో సొంతింటికి చేరారు. ఊరికే కూర్చుంటే ఆయనకి ఊపిరాడదు. పొద్దస్తమానం ఫోన్‌లో వీడియోలు చూసేవారు. ఇక్కడ మీ ఐసు తాతయ్యకి మెల్లగా మరుపు మొదలైంది. సందు మలుపులో దారి తప్పేవారు. తోడల్లుడి పేరు పోయింది. పెట్టినచోట వస్తువు ఉండదు. ఏలూరులో డాక్టరుగారు చూసి మాత్రలు రాశారు. "మెల్లగా పెరుగుతుందమ్మా, ఆపలేం, నెమ్మది చెయ్యగలం" అన్నారు. సరేనన్నాను. నన్ను మాత్రం మర్చిపోలేదు. "ఒసేయ్" అని పిలుపు వచ్చినంతకాలం, మిగతావి ఏం పోయినా పరవాలేదనుకున్నాను. నిజంగా అనుకున్నాను. దేవుడితో కూడా అదే చెప్పాను, ఇంకేం అడగనని.

అప్పుడు వచ్చారు అన్నయ్యగారు, రెండు తెల్ల సీసాలు పట్టుకుని.

"బావగారూ, విదేశాల్లో ముసలాళ్ళ బుర్రలకి కొత్త మందు కనిపెడుతున్నారండి. కొండల్లో మొలిచే పుట్టగొడుగు. నాకు తెలిసిన కుర్రాళ్ళ ద్వారా తెప్పించాను. మన జిల్లాలో ఇంకా ఎవరి దగ్గరా లేదు."

"పుట్టగొడుగు అయితే వేపుడు చేయించకపోయారా బావగారూ" అన్నారు మీ తాతయ్య.

"ఎగతాళి కాదండీ బాబూ. నాకూ ఈమధ్య మరుపు వస్తోంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో తెలీట్లేదు."

"మీ నెత్తి మీదే ఉందండి."

అందరం నవ్వాం. నేను కాఫీ ఇస్తూ, "అన్నయ్యగారూ, ఒక్కసారి డాక్టరుగారిని అడిగి..." అన్నాను. నా గొంతు సంగతి మీకు తెలుసుగా, నేను పాఠం చెప్పే సండే స్కూల్లోనే వెనక బెంచీకి వినపడేది కాదు. ఆయన సగంలోనే అందుకున్నారు.

"చెల్లెమ్మగారూ, నేను కూడా వేసుకుంటున్నాను కదండీ మీ ఎదురుగానే. ఇద్దరం కలిసి మొదలెడుతున్నాం. ఇంకా అనుమానమా?"

ఒక సీసాలోంచి ఒక గొట్టం మాత్ర తీసి మీ తాతయ్యకి ఇచ్చారు. రెండో సీసాలోంచి ఒకటి తీసి తను నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక చాపి చూపించారు చిన్నపిల్లాడిలా. రెండు సీసాలెందుకని నేను అడగలేదు. తను మింగిన మందు మీద అనుమానమేంటి అనుకున్నాను.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి. దాచను. ఆ మొదటిసారి చాలా బాగుంది. మధ్యాహ్నం మీ తాతయ్య కుర్చీలో కూర్చుని గచ్చు వైపు చూస్తూ నవ్వడం మొదలెట్టారు. "ఒసేయ్, చూడవే, కొల్లేరు నిండింది. కొంగలు చూడు" అన్నారు. వాళ్ళమ్మ గురించి చెప్పారు. నేను కాపరానికి వచ్చిన రోజు నా పెట్టె తాళంచెవి పోతే రాయితో పగలగొట్టిన సంగతి చెప్పారు. నాకే గుర్తులేదు. నా చెయ్యి పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే సాయంత్రందాకా మాట్లాడారు. అది నన్ను పడేసింది. మరోసారి అన్నయ్యగారు సీసాలతో వస్తే నేనే గుమ్మంలో ఎదురెళ్ళాను, కుర్చీ వేశాను.

"చూశారా చెల్లెమ్మగారూ. ఇప్పుడు డోసు పెంచుదాం" అన్నారు ఆయన. చెరువుకి పెంచినట్టే.

రెండోసారి ఇచ్చి, తను తన సీసాలోంచి వేసుకుని, పని ఉందని వెళ్ళిపోయారు. తొందరలో సీసాలు బల్లమీదే మర్చిపోయారు. ఆయన అటు వెళ్ళాక ఇటు మొదలైంది. ముందు మీ తాతయ్య కాళ్ళు పైకి పెట్టుకున్నారు. గచ్చు కరిగిపోతోందన్నారు. తర్వాత ఐసంతా కరిగిపోతోంది, చేపంతా కుళ్ళిపోతుంది, లారీలు ఆపండి అని అరుపులు. నేను పట్టుకుంటే నన్ను తోసేశారు. నా మీద ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. ఆ కళ్ళు నావైపు ఎలా చూశాయో నేను చెప్పను. వీధిలోకి పరిగెత్తారు. కాలవగట్టు దగ్గర పడ్డారు.

హాస్పిటల్లో డాక్టరుగారు ఏం మింగారో తెమ్మన్నారు. పక్కింటావిడని పంపి రెండు సీసాలూ తెప్పించాను. ఆయన ఒక సీసాలోని గొట్టం మాత్ర విప్పి చేతిలో పోసుకున్నారు, గోధుమరంగు పొడి. ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించారు. రెండో సీసాలోది విప్పారు, తెల్లగా మెత్తగా ఉంది. నాకు చూడగానే తెలిసింది. అయినా వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను.

బియ్యప్పిండి.

హాస్పిటల్ వరండాలోంచే అన్నయ్యగారికి ఫోన్ చేశాను. "అన్నయ్యగారూ, మీరు మింగింది బియ్యప్పిండి అండి" అన్నాను. ఆయన కంగారు పడతారనుకున్నాను, లేదంటారనుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"మరి తేడా తెలియాలి కదా చెల్లెమ్మగారూ! ఇద్దరం అదే వేసుకుంటే ఎలా తెలుస్తుందండి? ఒక చెరువు వదిలెయ్యాలి కదా. బావగారికి ఎలా ఉంది?"

మీరు నమ్మండి, ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. నాకు తెలీదా ఆ పద్ధతి అన్నట్టు అడిగారు. తెలుసు. కైకలూరులో అంతకాలం ఎదురుగా చూశాను. పోయిన చెరువుల రైతులు ఆ షాపు మెట్ల మీద తల పట్టుకుని కూర్చోవడం కూడా చూశాను.

డాక్టరుగారు నాతో నిజాయితీగానే మాట్లాడారు. "ఈ వయసులో, ఈ జబ్బుతో, మేమిచ్చే మాత్రల మీద అది పడకూడదమ్మా. అయితే ఇదంతా దానివల్లే అని నేను గట్టిగా చెప్పలేను. జబ్బు దానంతట అది కూడా ఇక్కడికే తెచ్చేది" అన్నారు. అసలు ఆ పొడి దగ్గరుంటేనే కేసవుతుందని కూడా చెప్పారు. కేసు పెడితే మీ అమ్మ ఆ ఇంట్లో ఏ మొహంతో తిరుగుతుంది? మీ నాన్న ఏమవుతాడు? నోరు మూసుకున్నాను. జారిపడ్డారని అందరికీ చెప్పాను.

తుంటికి ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చాం. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే ఆయన నా చెయ్యి మర్యాదగా పక్కకి తీశారు.

"ఏవండీ, మీకెందుకండీ శ్రమ. మా ఇంటావిడ వచ్చేస్తుంది. మీరు అలా కుర్చీలో కూర్చోండి" అన్నారు.

ఇక పోయేదాకా నేను ఆయనకి "అండీ"నే. ఎంత మర్యాదగా మాట్లాడేవారో. అన్నం పెడితే "మీరు తిన్నారా అండీ" అనేవారు. గ్లాసులో నీళ్ళిస్తే మాత్రం వణికిపోయేవారు, అందులో ఏం కనిపించేదో. చెంచాతో పట్టేదాన్ని. గుమ్మం వైపు చూస్తూ "ఈవిడ ఇంకా రాలేదేంటో" అనేవారు. నేను పక్కనే కూర్చుని, "వస్తుందిలెండి" అనేదాన్ని.

అమ్మడూ, ఇంకోసారి ఫోన్ చేసినప్పుడు నువ్వు చెప్పావు, మీ పరిశోధనల్లో కూడా కొందరికి ఖాళీ మందు ఇస్తారని. నేను ఉలిక్కిపడి అడిగాను, వాళ్ళకి తెలుస్తుందా అని. "ముందే చెప్తాం అమ్మమ్మా. నీకు ఏది వస్తుందో మాకూ తెలీదు, ఖాళీది కూడా రావచ్చు, ఒప్పుకుంటేనే చేరు అని చెప్తాం. గుండె చూస్తాం, బీపీ చూస్తాం, ఏ మాత్రలు వాడుతున్నారో చూస్తాం. మందు ఇచ్చాక పక్కనుంచి కదలం" అన్నావు. ఆ పక్కనుంచి కదలం అన్నావే, ఆ మాట నీ చేత ఇంకోసారి చెప్పించుకున్నాను. మీ పని మీద నాకేం కోపం లేదు. మంచే కావచ్చు, నాకేం తెలుసు. నా కోపం ఒక మనిషి మీదే.

మొదట నేను అనుకున్నది ఇప్పుడు చేస్తున్నది కాదు. అన్నయ్యగారు ఆ మందుని వదల్లేదు. గూడెంలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి, తెలిసిన పెద్దవాళ్ళందరినీ పిలిచారు, కొత్త మందు గురించి చెప్పి అమ్మడానికి. నాకూ ఫోన్ చేశారు. "చెల్లెమ్మగారూ, మీరొచ్చి రెండు ముక్కలు చెప్పాలి. మొదటిసారి బావగారు ఎలా మాట్లాడారో అది చెప్పండి చాలు. మీ మాట మెత్తన, జనం నమ్ముతారు."

"అలాగేనండి అన్నయ్యగారూ, తప్పకుండా వస్తాను" అన్నాను.

మీ తాతయ్యకి తలకి నూనె రాశాను. ఇస్త్రీ పంచె కట్టాను. కారు మాట్లాడుకుని, చక్రాల కుర్చీలో ఆయన్ని స్టేజి మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. హాలు నిండా పెద్దలు, సగం మంది చెరువుల రైతులే. ఉండి నుంచి, నిడమర్రు నుంచి కూడా వచ్చారు. మైకు ఉంది కాబట్టి నా గొంతు వెనకదాకా వినపడింది.

"అందరికీ వందనాలండి. మా అన్నయ్యగారి పద్ధతి మీకు తెలుసు. ఆయన ఏ మందైనా ఒక చెరువుకి వేసి, ఒక చెరువు వదిలేసి చూపిస్తారు. ఇదిగోనండి, మందు వేసిన చెరువు" అని మీ తాతయ్య భుజం మీద చెయ్యి వేశాను. "అదిగోనండి," అని అన్నయ్యగారి వైపు చెయ్యి చూపించాను, "వెయ్యని చెరువు. ఏది బాగుందో మీరే చూసుకోండి."

రైతులు కదా, వెంటనే అర్థమైపోయింది. ఒకాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

కానీ మీ గూడెం తాతయ్య తక్కువవారా. నవ్వుతూ మైకు తీసుకున్నారు. "మా చెల్లెమ్మగారు బాధలో ఉన్నారండి. పాపం. అయినా ఒక పంట పోయిందని చెరువులు పూడ్చేస్తామాండీ? మనకి ఎన్ని పంటలు పోలేదు!" అన్నారు. తలలూపారమ్మా. నా కళ్ళ ముందే కొందరు తలలూపారు. పంటలు పోవడం వాళ్ళకి అంత అలవాటు.

ఆ తర్వాత, ఎంతో ప్రేమగా, గాజు గ్లాసులో నీళ్ళు పోసి "తీసుకోండి బావగారూ" అని మీ తాతయ్య మొహం ముందు పెట్టారు. నేను ఆపేలోపే మీ తాతయ్య గ్లాసు చూసి కేక పెట్టారు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో ముడుచుకుపోయి, "వద్దు బాబూ, నన్ను వదిలెయ్యండి బాబూ" అన్నారు. మైకులోంచి అందరికీ వినపడింది. జనం లేచారు. ఒక్కరు కూడా కొనలేదు. చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

అన్నయ్యగారి వ్యాపారం అక్కడితో పోయింది. నాకు చల్లబడలేదు. మీ తాతయ్యని అలా నలుగురిలో కూర్చోబెట్టానన్న మంట నాకు మిగిలింది. అన్నయ్యగారికి వ్యాపారం పోయిందన్న బాధ తప్ప ఇంకేం లేదు. తర్వాతి వానాకాలంలో మీ తాతయ్య పోయినప్పుడు వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, "బావగారి కాలం తీరిపోయిందమ్మా" అన్నారు. కాలమట. ఆ రోజు నేను శవం పక్కన కూర్చుని అనుకున్నాను, ఈయన చేత ఒక్కసారి నిజం అనిపించాలి, నేను చేశాను అనిపించాలి, అది చూసేగానీ పోకూడదని. చర్చిలో క్షమించమని చెప్తారు. వింటాను. నేనూ ఎంతమంది పిల్లలకో ఆ వాక్యాలే బట్టీ పట్టించాను.

ఆయనకి మతిమరుపు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు భయమేసింది. ఆయన కోసం కాదు. ఒప్పుకోకముందే మర్చిపోతారేమోనని.

అందుకని బయలుదేరాను. మొదటి ఆదివారం నేను కూర్చోగానే మీ నాన్నమ్మ కాఫీ ఇచ్చి, "వదినగారూ, మీరున్నారుగా, నేనలా బజారుకెళ్ళి ఉల్లిపాయలు తెచ్చుకుంటాను" అని, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరికి వేశారు. ఇప్పటికీ ప్రతివారం అంతే. గూడెంలో ఉల్లిపాయలకి కరువా, వీధిలోకి బండి వస్తుంది. ఆవిడకి తెలుసు నేనేం మాట్లాడతానో. ఆవిడ లెక్కలు ఆవిడకి ఉన్నాయేమో, నేనడగలేదు.

నేను మెత్తగానే చెప్తాను. గొంతు పెంచను. సీసాలు, బియ్యప్పిండి, కాలవగట్టు, చెంచాతో నీళ్ళు. మొదట్లో ఆయన వాదించేవారు. "అలా కాదు చెల్లెమ్మగారూ, నేను మంచికే..." అనేవారు. కొన్ని వారాలకి వాదన పోయింది. తల వంచుకుని వినేవారు. ఒక ఆదివారం ఏడ్చారు. "నేనే చేశానమ్మా" అన్నారు. నేను కోరుకున్న మాట అదే. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను, చాలాకాలం తర్వాత. పై ఆదివారం వెళ్తే ఆయనకి ఏమీ గుర్తులేదు. "బావగారు బాగున్నారా? తీసుకురాలేదేం?" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మళ్ళీ ఏడ్చారు, కొత్తగా విన్నట్టు. ఆయనకి ప్రతిసారీ కొత్తే. వాళ్ళ డాక్టరు, పాత సంగతులు ఎవరైనా మాట్లాడుతుంటే మెదడుకి మంచిది, ఆవిడని రమ్మనండి అన్నారట. మీ నాన్న నాకు థ్యాంక్స్ చెప్పాడు.

మొన్న ఆదివారం సంగతి చెప్పి ఆపేస్తాను. ఎప్పటిలాగే మొదలుపెట్టాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి వింటున్నారు. బియ్యప్పిండి దగ్గరకి వచ్చేసరికి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"ఎవడమ్మా వాడు? మనిషేనా?" అన్నారు.

ఆయన నిజంగా మండిపోతున్నారు, నా కోసం. మీ ఐసు తాతయ్య కోసం. ఆయన నాకు పగవాడిగా ఉండడం కూడా మానేసి నా పక్కకి వచ్చి కూర్చున్నారు. ఇంత అన్యాయం ఇంకోటి ఉంటుందా?

"వాణ్ణి ఊరికే వదిలేశారా మీరు?"

"వదల్లేదండి."

"ఏం చేశారు?"

"ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నానండి. వాడు చేసింది వాడికి చెప్తున్నాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "అది చాలదమ్మా. చాలా మెత్తన మీరు."

అప్పుడు చెప్పాను. "అది మీరేనండి అన్నయ్యగారూ."

నా మొహంలోకి చూశారు. నేను అబద్ధం చెప్పేదాన్ని కానని ఎక్కడో తెలిసినట్టుంది. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు.

"అయితే వదలకండి" అన్నారు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. ఎందుకు పెట్టానో అడక్కండి. గ్లాసు ఆయన చేతికిచ్చాను. అంతా ఇప్పుడే విన్న మనిషి, అందులో ఏముందని అడగలేదు. ఊదుకుంటూ ఊదుకుంటూ చివరి చుక్కదాకా తాగేసి, గ్లాసు నాకు తిరిగి ఇచ్చారు. అందులో టీపొడి, పాలు, పంచదార తప్ప ఏమీ లేవు. అంతవరకు మీరు నన్ను నమ్మచ్చు.